కుల్లీ వద్దు

నా నోటికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినట్టు తెలిసినప్పుడు మా ఇంట్లోగాని, నేను పనిచేసే బళ్ళోగాని ఎవరూ పెద్దగా బాధపడలేదు. "నోటికేనా?" అని అడిగారు, అంతే. ఆ అడగడంలో కొంచెం ఆశ ఉండేది. మా ఆయన మర్యాదస్థుడు కాబట్టి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నిజాం కాలం, రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ముప్పై ఆరేళ్ళు. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పెంకుటింటి ముందు భాగంలో కిరాయికి ఉండేవాళ్ళం: నేను, రైల్వే ఆఫీసులో గుమాస్తా అయిన మా ఆయన, మా అత్తగారు. నాది మెదక్ మిషను కుటుంబం, అయినా పెరిగింది నాంపల్లిలోనే. ఉర్దూ మాట లేకుండా నాకు పూట గడవదు. మా ఆయనది బందరు. మా మామగారు పోయాక మా అత్తగారు బైబిలూ, కాఫీ గింజలు వేయించే పెనమూ తీసుకుని మా దగ్గరికి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు హైదరాబాదులో ఉండి కూడా కూరగాయలవాడితో బేరానికి కావలసిన నాలుగు మాటలు తప్ప ఉర్దూ నేర్చుకోలేదు. పైగా నా తెలుగుని దిద్దేది. "ఏంది ఏంది అంటావు, ఏమిటి అనలేవూ? మద్రాసులో బి.ఏ. చదివావు, పంతులమ్మవి" అనేది. మాకు పిల్లలు లేరు. ఆ విషయంలో ఆవిడ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు, ఒప్పుకోవాలి. తక్కిన అన్ని విషయాల్లోనూ అన్నది.

ఆబిడ్స్‌కి పది నిమిషాల నడకలో ఉన్న ఒక ఆడపిల్లల బళ్ళో నేను తెలుగు చెప్పేదాన్ని. బడి నడిపేది ఒక దొరసాని. ఆ ఏడు బడి కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. పై మూడు తరగతుల్లో తెలుగు తీసేసి ఆ గంటలు ఉర్దూకి ఇవ్వాలని. తీసేస్తే ఆ తరగతుల పిల్లలకు తెలుగు ఉండదు, నాకు ఉద్యోగం ఉండదు. కుట్టుపని చెప్పమంటారేమో, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. కమిటీ ముందు నా వాదన చెప్పుకోవడానికి దొరసాని నాకు ఒక శనివారం మధ్యాహ్నం ఇచ్చింది. నా జీవితంలో వాదించమని ఎవరైనా నన్ను పిలిచి అడగడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే పన్ను అడ్డం తిరిగింది.

అడ్డం తిరగడం అంటే నిజంగానే అడ్డం. కింది దవడలో ఎడమవైపు చిట్టచివర మొలవవలసిన పన్ను పైకి రాకుండా ముందు పన్నుకేసి పొడుస్తూ పడుకుని ఉంది. మూడు నెలల్లో రెండుసార్లు వాచింది. వాచినప్పుడల్లా దవడ బిగిసిపోయి వారం రోజులు నోరు చిటికెనవేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. జావ చెంచాతో పోసుకున్నాను. బళ్ళో ఆ రెండు వారాలూ చాలా ప్రశాంతంగా గడిచాయని తర్వాత విన్నాను.

ఆబిడ్స్ రోడ్డు మీద గడియారాల దుకాణం పైన ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. విదేశాల్లో చదివి వచ్చిన పెద్దమనిషి, మాట మాత్రం అచ్చమైన దక్కనీ ఉర్దూ. దవాఖానకు పంపించి ఎక్స్‌రే తీయించి ఆ నల్ల రేకుని కిటికీ వెలుగులో పట్టి చూపించాడు. పన్ను తెల్లగా, హాయిగా పడుకుని ఉంది. "అక్కల్ దాడ్" అన్నాడు. ఉర్దూలో దాన్ని తెలివి పన్ను అంటారు. నేను మా అత్తగారికి తెలుగులో చెప్పాను.

"తెలివి పన్నా? అదొక్కటే ఉందేమో, అది కూడా తీయించేసుకుంటావా?" అంది.

"అడ్డంగ మొలిచిందంట అత్తమ్మా."

"నీది కాక ఇంకెవరిది మొలుస్తుంది అడ్డంగా."

డాక్టరు చెప్పినది ఇది. నాలుకకి పోయే నరం ఆ పన్ను పక్కనుంచే పోతుంది. తీసేటప్పుడు ఒరుసుకుంటే ఎడమ సగం నాలుక మొద్దుబారుతుంది. వారమో, నెలో, ఆరు నెలలో. కొందరికి పూర్తిగా తిరిగిరాదు. మాట సంగతి ఏమిటని అడిగాను. మాట వస్తుంది, బాగా రాదు అన్నాడు. తీయించకపోతే? మళ్ళీ వాస్తుంది, ఎప్పుడో చెప్పలేను అన్నాడు. కమిటీ రోజునే వాచవచ్చా? వాచవచ్చు. నేను కొంచెంసేపు వాదించాను. ఆయన ఎక్స్‌రే రేకుని మళ్ళీ కిటికీకి పట్టాడు. పన్ను వాదన వినే రకం కాదు. సగం నాలుకా, మూసుకుపోయిన నోరా అని ఆలోచించి సగం నాలుక ఎంచుకున్నాను. కమిటీకి పన్నెండు రోజులు ముందు, ఒక సోమవారం పొద్దున అని నిర్ణయమైంది.

ముందు చేసుకోవలసిన పనులు చేసుకున్నాను. రాగులు విసిరించాను. రెండు పాత దుప్పట్లు చించి ఉతికి ఎండలో ఆరేశాను. బడి బీరువాలోంచి ఒక పలకా, బలపాలూ తెచ్చుకున్నాను, మాట లేని రోజుల్లో రాసి చూపించడానికి. కమిటీ ముందు చదవడానికి నాలుగు పేజీల ఉపన్యాసం ముందే రాసి పెట్టుకున్నాను. సెలవు చీటీ తీసుకుని దొరసాని గదికి వెళ్ళాను. ఆవిడ బైబిలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి, మాట్లాడేది కూడా అలాగే. చీటీ చదివి, "మీ నోటి కొరకు మేము ప్రార్థన చేసెదము" అంది. ఏమని చేస్తారో నేను అడగలేదు.

ఇంట్లో ఏమని చేస్తారో మాత్రం తెలిసింది. ఆదివారం గుడినుంచి వచ్చాక మా అత్తగారు నన్ను కూర్చోబెట్టి నెత్తిన చెయ్యి వేసింది. "ప్రభువా, ఈ పిల్ల దవడని నీ చేతుల్లో పెడుతున్నాను. నొప్పి లేకుండా చెయ్యి తండ్రీ. చీము పట్టకుండా చూడు. నాలుక సంగతి నీ చిత్తం."

నేను కళ్ళు తెరిచాను. "ఏంది అత్తమ్మా గది?"

"ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు" అంది ఆవిడ, తను కళ్ళు మూసుకునే.

మా ఆయనకి సెలవు దొరకలేదు. టాంగా ఎక్కించి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మా అత్తగారు బైబిలు పట్టుకుని డాక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చుంది.

కుర్చీలో పడుకుంటే కిటికీలోంచి ఎదుటి మేడ పిట్టగోడా, దానిమీద పావురాలూ కనిపించేవి. లవంగనూనె వాసన. సూది రెండుచోట్ల పొడిచాడు. పెదవి, దవడ, నాలుక ఒకదాని తర్వాత ఒకటి నావి కాకుండా పోయాయి. నొప్పి లేదు. చప్పుడు ఉంది. ఉలి పెట్టి చిన్న సుత్తితో కొడుతుంటే, మన తలలోనే ఎవరో తలుపుకి గడియ బిగిస్తున్నట్టు ఉంటుంది. పావురాలు మాత్రం కదలలేదు. అంత చప్పుడు వాటికి వినిపించలేదని నాకు కొంచెం ఆశ్చర్యంగా అనిపించింది. పన్ను మూడు ముక్కలై వచ్చింది. పళ్ళెంలో పెట్టి చూపించాడు. ఇంత గొడవకి అది చాలా చిన్నది.

గాయం మీద గుడ్డ మడిచి పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమన్నాడు. నిద్రకి రెండు బిళ్ళలు ఇచ్చాడు. అప్పుడు లోపలికి వచ్చిన మా అత్తగారికేసి తిరిగి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "అమ్మా, సునో. ఆజ్ కుల్లీ నక్కో. బిల్‌కుల్ నక్కో. కల్ సే గరం పానీ, నమక్."

ఇవాళ నోరు పుక్కిలించవద్దు, అసలే వద్దు, రేపటినుంచి వేణ్ణీళ్ళూ ఉప్పూ. నాకు అర్థమైంది. నాకు అర్థమైనది ఆవిడకీ అయి ఉంటుందని అనుకున్నాను. ఆవిడ తల పంకించింది. చాలా శ్రద్ధగా పంకించింది. తర్వాత తెలిసింది, ఆవిడకి అందులో అందినవి మూడే మాటలు. పానీ, నమక్ బజారు మాటలు కాబట్టి వచ్చు. మూడోది తెలుగే అనుకుంది.

ఇంటికి వచ్చి బిళ్ళ వేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నం ఎవరో భుజం పట్టి కుదుపుతుంటే మెలకువ వచ్చింది. మా అత్తగారు. ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో సత్తు బేసిను. చెంబులోంచి ఆవిరి వస్తోంది.

"లే అమ్మాయ్. ఉప్పునీళ్ళు. నోట్లో పోసుకుని బాగా తిప్పి ఊసెయ్."

నేను తల అడ్డంగా ఊపాను.

"డాక్టరే చెప్పాడుగా, నీ ఎదురుగానే. కుళ్ళు ఉందిట. ఉప్పువేసి వేణ్ణీళ్ళన్నాడు."

నోట్లో గుడ్డ ఉంది. పలక అందుకుని పెద్ద అక్షరాలతో రాశాను: కుల్లీ వద్దు.

ఆవిడ బేసిను కింద పెట్టి, కళ్ళజోడు తెచ్చుకుని, పలకని దూరంగా పట్టి చదివింది. "కుళ్ళు వద్దు. నేను అంటున్నదీ అదే కదా తల్లీ, వద్దనే కడుక్కోమంటున్నాను." మళ్ళీ చూసింది. "ఇదేమిటి, 'ల' రాశావు? కుళ్ళుకి 'ళ' కదూ? ఊళ్ళో పిల్లల తప్పులన్నీ దిద్దుతావు!"

ఇక్కడ నేను చేయవలసిన పని చాలా చిన్నది. ఆ రెండు మాటలూ తుడిచి, ఇవాళ పుక్కిలించకూడదు అని తెలుగులో రాస్తే సరిపోయేది. పన్నెండేళ్ళుగా తెలుగు చెబుతున్న మనిషిని, ఆ మాట నాకు తెలియక కాదు. కాని మా పుట్టింట్లో బుద్ధెరిగినప్పటినుంచీ పొద్దున్నే చేసేది కుల్లీయే. పైగా నేను రాసిన మాట సరైనది. సరైనదాన్ని నేనెందుకు తుడవాలి? తప్పు అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. బలపం అరిగేటట్టు రాశాను: తప్పు కాదు. 'ల'నే.

"ళ" అంది ఆవిడ.

'ల' అని రాశాను, పలక నిండేంత.

"మా నాన్న వీధిబళ్ళో మాస్టారు. నాకా చెబుతున్నావు? కుళ్ళు, నీళ్ళు, ముళ్ళు. అన్నిటికీ ళ."

ఉర్దూ మాట అని రాశాను. ఆ మాట అప్పటికే తుడిచేశాను కాబట్టి దేని గురించో ఆవిడకి తెలియలేదు. "ళ ఉర్దూ మాటేమిటి? మందు మత్తు ఎక్కింది నీకు" అంది. కుల్లీ నక్కో అని మళ్ళీ రాశాను. "నక్కా? నక్క ఎక్కడినుంచి వచ్చింది మధ్యలో?" అంది. ఇలా ఎంతసేపు జరిగిందో చెప్పలేను. వాదన ఒక అక్షరం మీదికి పోయింది. దేనితో మొదలైందో ఇద్దరం మరిచిపోయాం. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆవిడ చెంబు నా పెదవికి ఆనించింది. గుడ్డ తీసి, పోసుకుని, తిప్పి, ఊశాను. నా జీవితంలో నేను మధ్యలో వదిలేసిన వాదన అదొక్కటే.

సాయంత్రం లోపల ఇంకో మూడుసార్లు చేయించింది. బేసినులో నీళ్ళు ఎర్రగా తిరుగుతుంటే, "చూశావా, కుళ్ళంతా ఎలా వచ్చేస్తోందో" అని సంతోషించింది.

సాయంత్రానికి పెదవి నాది నాకు తిరిగి వచ్చింది. దవడ వచ్చింది. నాలుక ఎడమ సగం రాలేదు.

మూడో రోజు పొద్దున నొప్పి మొదలైంది. పన్ను నొప్పి దాని ముందు ఒక మర్యాద. దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి కణతకి, ఎముకని ఎవరో లోపలినుంచి గీకుతున్నట్టు. మళ్ళీ టాంగా, మళ్ళీ ఆబిడ్స్, మళ్ళీ ఆ మెట్లు. డాక్టరు అద్దం పెట్టి ఒక్కసారి చూసి, "కుల్లీ కరే?" అన్నాడు.

నేను మా అత్తగారికేసి చూశాను. ఆవిడ చాలా శ్రద్ధగా తల పంకించింది.

ఆయన చెప్పాడు, గాయంలో గడ్డకట్టిన రక్తమే ఆ గుంటకి మూత. కడిగి కడిగి మూత తీసేశాం. ఇప్పుడు ఎముకకి గాలి తగులుతోంది. లవంగనూనెలో ముంచిన గుడ్డ ఆ గుంటలో కూరాడు. రోజు విడిచి రోజు వచ్చి మార్పించుకోమన్నాడు. నాలుక గురించి అడిగాను. ఒక సన్నటి మొనతో నాలుక మీద గుచ్చాడు. కుడివైపు తెలిసింది, ఎడమవైపు తెలియలేదు. చూద్దాం అన్నాడు.

తిరుగు దారిలో టాంగా స్టేషను దాకా వచ్చాక మా అత్తగారు అడిగింది. "కుల్లీ అంటే ఏమిటి?"

చెప్పాను. సగం నాలుకతో, లవంగనూనె మింగుతూ.

మా సందు మలుపులో ఆవిడ అంది, "అయితే ఆ మాటే రాయొచ్చుగా పలక మీద."

రాయొచ్చు అన్నాను. నేను ఒప్పుకోవడం ఆవిడకీ కొత్తే. అందుకని గెలిచినట్టు కూడా మొహం పెట్టలేకపోయింది. పన్నెండేళ్ళుగా నేను పిల్లల వ్యాసాల్లో దవాఖాన, కిరాయి, ఫికర్ కనబడ్డచోటల్లా ఎర్ర పెన్సిలుతో గీత గీసి, పక్కన తెలుగు మాట రాయించేదాన్ని. నాకే అవసరం పడ్డ రోజున ఎర్ర పెన్సిలు ఎవరి చేతిలోనూ లేదు. ఆ సాయంత్రం తప్పెవరిదని మా ఆయన్ని అడిగాం. రెండు రైళ్ళు గుద్దుకుంటే ఇద్దరు డ్రైవర్లనీ తప్పుపట్టే ఆఫీసు ఆయనది. "ఇద్దరిదీ" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కమిటీకి ఇంకా తొమ్మిది రోజులుంది.

నొప్పి వారంలో తగ్గుముఖం పట్టింది. నాలుక పట్టలేదు. చింతపండు పులుసు నోట్లో పోసుకుంటే కుడివైపు పులుసు, ఎడమవైపు ఉత్త వేణ్ణీళ్ళు. తెలియకుండా నాలుక కరుచుకుని, రక్తం చూసి తెలుసుకునేదాన్ని. మాట వచ్చింది, డాక్టరు చెప్పినట్టే, బాగా రాలేదు. చాలా అక్షరాలు కొంచెం జారినా నెట్టుకొచ్చాయి. ఒక్కటి మాత్రం అసలు రాలేదు. దానికి నాలుక మొన వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి. మడిచేది ఎక్కడ తగులుతోందో నాకు తెలియదు. ఆ అక్షరం ఏదో మొదట కనిపెట్టింది మా అత్తగారు.

"కుళ్ళు అను" అంది, కాఫీ గ్లాసు నా చేతికి ఇవ్వకుండా పట్టుకుని.

"కుల్లు."

"నీళ్ళు?"

"నీల్లు."

"ఇంకా రాలేదు" అని గ్లాసు ఇచ్చింది.

ప్రతి పొద్దునా ఇదే. మా ఆయన దాన్ని క్షమాపణ అన్నాడు. నాకు పరీక్షలాగే ఉండేది, రోజూ తప్పే పరీక్ష.

ఉపన్యాసం తీసి చదువుకుని చూస్తే, తెలుగుమీద నేను రాసిన నాలుగు పేజీల్లో ళ లేని వాక్యం లేదు. ఆడవాళ్ళు, ఇళ్ళు, పెళ్ళిళ్ళు, కూతుళ్ళు, కళ్ళు. తెలుగు చెప్పే మనిషి తెలుగు అక్షరం పలకలేక నిలబడితే కమిటీకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. కూర్చుని ఒక్కొక్కటే మార్చాను. ఆడవాళ్ళు స్త్రీలయ్యారు. పెళ్ళిళ్ళు వివాహములయ్యాయి. ఇళ్ళు గృహములు, కూతుళ్ళు కుమార్తెలు, కళ్ళు నేత్రములు. ఒక మాట మార్చాక పక్క మాట దానికి సరిపడక అదీ మార్చాల్సి వచ్చింది. ముగించి గట్టిగా చదివాను. ఒక్క ళ లేదు. దొరసాని రాసినట్టు ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం దవడ ఇంకా కొంచెం వాచే ఉంది. దొరసాని గదిలో బల్ల చుట్టూ నలుగురు. దొరసాని, ప్రతిపాదన తెచ్చిన ఒక వకీలుగారు, మరో ఇద్దరు. ఆ ఇద్దరూ చివరిదాకా ఏమీ మాట్లాడలేదు కాబట్టి నేనూ వాళ్ళ గురించి ఏమీ చెప్పను. వకీలుగారు పాత హైదరాబాదు కుటుంబం, తెలుగువాడే. చదువంతా ఉర్దూలో. మంచి మనిషే. ఆ బళ్ళో చదివే ఇద్దరు పిల్లల తండ్రి.

నేను నిలబడి చదివాను. "స్త్రీలు తమ గృహములయందు ఏ భాషను వినుచు పెరిగిరో ఆ భాషయందే..." ఒక పేజీ నడిచింది. నాలుక ఎక్కడా చిక్కుకోలేదు. రెండో పేజీ సగంలో వకీలుగారు చెయ్యెత్తాడు.

"అమ్మా, జర ఆగున్రి. ఇది బైబిల్ల తెలుగా?"

దొరసాని కళ్ళజోడు సర్దుకుంది.

"గీ తెలుగు మా ఇంట్ల ఎవ్వరు మాట్లాడ్తరు? నేత్రములంట, గృహములంట. గిదే నేను చెప్పేది. ఉర్దూ నేర్చుకుంటె నౌకరికి పనికొస్తది. ఇంగ్లీషు పై చదువుకు పనికొస్తది. గిది దేనికి పనికొస్తది? మా ఇంట్ల అందరం ఉర్దూల్నే మాట్లాడుకుంటం."

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. నేను చదువుతున్న తెలుగు ఎవరి ఇంట్లోనూ లేదు, మా ఇంట్లో కూడా. అది నా నాలుకని దాచడానికి కట్టిన తడిక. కాగితాలు బల్లమీద పెట్టేశాను.

"అందరంటె, మీ ఇంటామె గూడనా?" అన్నాను.

"ఆమెకు జర తక్కువ."

"ఎంత తక్కువ?"

"రాదనుకోన్రి."

"గట్లయితె వినున్రి" అని చెప్పాను. పన్ను, పలక, చెంబు, బేసిను, అన్నీ. కుల్లీకీ కుళ్ళుకీ తేడా చెప్పవలసినచోట నా నోట రెండూ ఒకటే అయ్యాయి. రెండూ కుల్లే. బల్లమీది కాగితం లాక్కుని పెన్సిలుతో రెండు మాటలూ రాసి చూపించాల్సి వచ్చింది. మౌనంగా ఉన్న ఇద్దరిలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వకీలుగారు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"మీ అత్తమ్మ ఉర్దూ నేర్చుకుంటె ఐపోతది గదమ్మా!"

"ఔ, నేర్చుకుంటది. నేర్పేదెవరు? నేనే గద. ఏ మాటల్ల నేర్పాలె? ఆమెకొచ్చిన మాట నాకు టైముకు రాకనే గద దవడ పోయింది. రేపు మీ పిల్ల ఇంటికి డాక్టరొస్తడు. ఏదో వద్దంటడు. గా వద్దన్నది మీ పిల్ల వాల్ల అత్తకు చెప్పాలె, మీ ఇంటామెకు చెప్పాలె. నాకంటె దవడ పోయింది. చంటిపిల్లకు బుఖారొచ్చిన్నాడు ఏం పోతదో మీరే చూసుకోన్రి."

'వాల్ల' అన్నాను. విన్నాను కూడా. ఆపలేదు.

ఆయన నవ్వడం మానేశాడు. బల్లమీది కాగితం తన ముందుకు తిప్పుకుని ఆ రెండు మాటలూ మళ్ళీ చదివాడు.

తీర్మానం ఇలా వచ్చింది. మూడు తరగతుల్లో రెండింటికి తెలుగు ఉంటుంది. పరీక్షకి కూర్చునే చివరి తరగతికి ఉండదు, ఆ గంటలు ఉర్దూకి. నా ఉద్యోగం ఉంది. పూర్తిగా గెలిచానని నేను అనుకోలేదు. చివరి తరగతి గురించి తర్వాత నాలుగేళ్ళు ఉత్తరాలు రాశాను, దానికి తెలుగు తిరిగి రాలేదు. సగం నాలుకతో మూడింట రెండు వంతులు తెచ్చావని మా ఆయన అన్నాడు. గుమాస్తా లెక్క.

బయటికి వస్తుంటే దొరసాని నా చెయ్యి పట్టుకుంది. "ఆ అక్షరమును నేర్చుకొనుటకు నేను ఎన్నియో ఏండ్లు ప్రయాసపడితిని, అది నాకు రాలేదు. మీరు పన్నెండు దినములలో మరచితిరి. ఇప్పుడు మీరును నేనును సమానము." ఆవిడ హాస్యం ఆడుతోందో లేదో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

నాలుక మెల్లగా వచ్చింది. మొదట చీమలు పాకినట్టు, తర్వాత పులుపు, ఆ తర్వాత వేడి. క్రిస్మసుకి కాఫీ గ్లాసు పరీక్ష లేకుండానే చేతికి రావడం మొదలైంది. ఎడమ అంచున అణా బిళ్ళంత మేర మాత్రం ఇప్పటికీ నాది కాదు.

కాని కమిటీ అయిన సోమవారం నాటికి ఇవేమీ లేవు. బడికి వెళ్ళి, నిలిచిన రెండు తరగతుల్లో చిన్నదానికి డిక్టేషన్ చెప్పాను. ళ లేని వాక్యాలు బోలెడున్నాయి, కాని తడిక ఒకసారి కట్టి చూశాను కదా. కావాలనే చెప్పాను: కుళ్ళిన పళ్ళు నీళ్ళలో పడ్డాయి. చెప్పానంటే, చెప్పాననుకున్నాను. పలకలు తెచ్చి చూపించారు. కుల్లిన పల్లు నీల్లలో పడ్డాయి. వరసగా అందరివీ అంతే, నేను పలికింది పలికినట్టు. ఎర్ర పెన్సిలు తీసి పక్కన పెట్టాను. తప్పు ఎవరిదో తెలిసి గీత గీయడం కుదరదు.

చివరి పలక ఒకటి వేరేగా ఉంది. అన్నీ ళలే, గుండ్రంగా, గట్టిగా అదిమి రాసినవి.

"నేను గట్ల చెప్పలేదు గద?" అన్నాను.

ఆ పిల్ల లేచి నిలబడింది. రెండు జడలు, ముందు పన్ను ఒకటి లేదు. "మీరు తప్పు చెప్పిన్రు టీచరమ్మా. నేను సరిగ్గ రాసిన."

తక్కిన పిల్లలు తమ పలకలకేసి చూసుకున్నారు.

"పన్నెండేల్ల సంది చెప్తున్న, నాకే చెప్తవా?"

"ఔ" అంది.

కూర్చోమన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ పెనం మీద గింజలు తిప్పుతూ అంతా విన్నది. ఎవరి పిల్ల అని అడిగింది, చెప్పాను. ఎన్నో తరగతి అని అడిగింది, చెప్పాను.

"వాళ్ళ అమ్మకి కబురు పంపు. ఇప్పటినుంచీ దవడ చూపిస్తూ ఉండమను" అంది. "దానికీ అడ్డంగానే మొలుస్తుంది."